మంచాన పడ్డవారి రోజు నుంచి లెక్క మొదలుపెట్టండి

ప్రశ్న: నేను పరకాల ప్రాంతంలోని ఒక పెద్ద గ్రామంలో ఉద్యోగ విరమణ చేసిన ఉపాధ్యాయురాలిని. మా వయోవృద్ధుల సంఘం తరఫున, మంచాన పడ్డ ముసలివారికి మా చుట్టుపక్కల ఏ సేవలు ఉన్నాయో, ఏవి కొరవడ్డాయో లెక్క తీసి కలెక్టర్ గారికి ఇవ్వాలని అనుకున్నాం. సంఘంలో చాలామంది, ‘లెక్కలెందుకు, ఒక వృద్ధాశ్రమం కావాలని అర్జీ పెడితే సరిపోతుంది’ అంటున్నారు. నాకెందుకో మనసు ఒప్పడం లేదు. ఈ పని ఎక్కడ మొదలుపెట్టాలి? ఎవరిని ఏమడగాలి? మాలో సర్వే చేసిన అనుభవం ఎవరికీ లేదు.

సమాధానం: టీచర్ గారూ, మీ సందేహం న్యాయమైనది. వృద్ధాశ్రమం కావాలా వద్దా అన్నది ఈ లెక్క చివర తేలవలసిన విషయం. దాన్ని ముందే తీర్మానించుకుని ఇల్లిల్లూ తిరిగితే, కనిపించిన ప్రతి కష్టమూ ఆ అర్జీకి సాక్ష్యంగానే తోస్తుంది, మిగతావన్నీ కంటపడకుండా పోతాయి. కనుక సంఘ సభ్యులకు మీరు మొదట చెప్పవలసిన మాట ఒకటుంది. మన దగ్గర ఏయే సేవలున్నాయి అన్న ప్రశ్నతో పని ప్రారంభించవద్దు. తన పని తాను చేసుకోలేని ఒక ముసలి మనిషికి తెల్లవారినప్పటి నుంచి మళ్లీ తెల్లవారేదాకా ఎవరు ఏం చేస్తున్నారు, ఏ గంటలో ఎవరూ ఉండడం లేదు అన్న ప్రశ్నతో ప్రారంభించండి. లోటు ఎక్కడుందో ఆ గంటలే చూపిస్తాయి.

ఇలా ఎందుకు చెబుతున్నానంటే, ముసలివారి సేవలు అనగానే మనకు దవాఖాన గుర్తొస్తుంది, పింఛను గుర్తొస్తుంది. రెండూ అవసరమే. కానీ దీర్ఘకాలిక సంరక్షణ అనేది ఆ రెంటి నడుమ మిగిలిపోయే పని. మన తెలంగాణలో ఆరోగ్యశ్రీ పరిమితి 2023 డిసెంబరులో 10 లక్షల రూపాయలకు పెరిగింది. 70 ఏళ్లు దాటినవారందరికీ, ఆదాయంతో నిమిత్తం లేకుండా, ఏడాదికి 5 లక్షల దాకా ఆయుష్మాన్ భారత్ వర్తింపు 2024 అక్టోబరులో వచ్చింది. ఈ రెండూ ప్రధానంగా ఆసుపత్రిలో చేరినప్పటి ఖర్చు కోసం ఏర్పడ్డవి. తుంటి ఎముక విరిగిన అవ్వకు ఆపరేషన్ జరుగుతుంది, నాలుగైదు రోజుల తర్వాత డిశ్చార్జి చేస్తారు. ఆ మర్నాటి నుంచి ఆమెను లేపి కూర్చోబెట్టడం, దొడ్డికి తీసుకెళ్లడం, కాలు ఆడించడం ఎవరి పని అన్నదానికి ఏ కార్డూ సమాధానం చెప్పదు.

ఇక పని సంగతి. మండలం మొత్తం ఒకేసారి తలకెత్తుకోవద్దు. మీ ఊరు, దానికి దూరంగా బస్సు సౌకర్యం సరిగా లేని ఒక చిన్న పల్లె, దగ్గరలోని ఒక తండా తీసుకోండి. తండాకు వెళ్లేటప్పుడు లంబాడీ భాష ఇంట్లో మాట్లాడే మనిషినే తీసుకెళ్లండి. ముసలివాళ్లు తమ శరీరపు బాధ రెండో భాషలో చెప్పరు. అరవై దాటినవారి జాబితా కోసం ఓటర్ల జాబితా మంచి ఆధారం, అందులో వయసు ఉంటుంది. ఆశా కార్యకర్త దగ్గర ఉన్న వివరాలతో దాన్ని సరిచూసుకోండి. పింఛన్ల జాబితాను మాత్రం ఒక్కదాన్నే నమ్ముకోకండి. ఆసరా వృద్ధాప్య పింఛను ఇంటికి ఒకరికే ఇస్తారు కనుక భార్యకు వస్తే భర్త పేరు ఆ జాబితాలో ఉండదు, అర్హత తేలక ఆగిపోయినవారు ఉండరు, ఉద్యోగం చేసి విరమించినవారూ ఉండరు. అంటే మీరు వెతుకుతున్న మనుషుల్లో పెద్ద భాగం ఆ కాగితం బయటే ఉంటుంది.

అరవై దాటినవారందరికీ సంరక్షణ అవసరం ఉండదు. పొలం చూసుకునేవారు, మనుమలను బడికి దింపేవారు, బజారులో కూరగాయలు అమ్మేవారు ఎంతోమంది. అవసరం ఉన్నవారిని వేరుచేయడానికి వైద్యులు చాలాకాలంగా వాడుతున్న పద్ధతి ఒకటుంది. 1963లో సిడ్నీ కాట్జ్ అనే అమెరికా వైద్యుడు, ఆయన సహచరులు ఆరు పనులను ఎంచుకున్నారు: స్నానం, బట్టలు కట్టుకోవడం, దొడ్డికి వెళ్లి రావడం, మంచం మీంచి లేచి కదలడం, మలమూత్రాలు ఆపుకోగలగడం, అన్నం తినడం. వీటిలో ఏది సొంతంగా చేయలేకపోతున్నారో రాసుకుంటే అవసరం ఎంత బరువైనదో అర్థమవుతుంది. వంట, సరుకులు తెచ్చుకోవడం, మాత్రలు వేళకు వేసుకోవడం, డబ్బు లెక్క చూసుకోవడం, ఫోన్ మాట్లాడడం వంటివి దీనికన్నా తేలికపాటి అవసరాలు. వాటినీ అడగాలి, ఎందుకంటే ఒంటరిగా ఉండే ముసలివారి పతనం సాధారణంగా అక్కడే మొదలవుతుంది.

అయితే అడిగే తీరులోనే అంతా ఉంది. ‘మీరు సొంతంగా స్నానం చేయగలరా?’ అని అడిగితే తొంభై ఏళ్ల తాత కూడా ‘చేస్తా బిడ్డా’ అంటాడు. ఒకరి చేత ఒళ్లు తోమించుకుంటున్నానని కొత్తవారి ముందు ఒప్పుకోవడానికి మనిషికి మనసు రాదు. అందుకే నిన్నటి రోజును అడగండి. నిన్న స్నానం ఎప్పుడు చేశారు, నీళ్లు ఎవరు తోడిపెట్టారు, ఎక్కడ కూర్చున్నారు, లేవడానికి దేన్ని పట్టుకున్నారు, రాత్రి ఎన్నిసార్లు లేచారు, అప్పుడు దీపం ఎవరు వేశారు. ఇలా అడిగినప్పుడు జవాబులు వాటంతట అవే వస్తాయి. మాట్లాడుతూనే వాకిలి చివర ఉన్న మరుగుదొడ్డిదాకా నడిచి చూడండి: మంచం నుంచి ఎన్ని అడుగులు, దారిలో ఎన్ని మెట్లు, లోపల పట్టుకోవడానికి గోడకు కడ్డీ ఉందా, కింద కూర్చునే పద్ధతిదా, రాత్రి వెలుతురు ఉందా. మన ఊళ్లలో చాలామంది ముసలివాళ్లు సాయంత్రం నుంచి నీళ్లు తాగడం మానేస్తారు. రాత్రి లేవవలసి వస్తుందన్న భయమే దానికి కారణం. ఆ సంగతి మీ కాగితం మీద ఒక ప్రశ్నగా ఉండాలి, లేకపోతే ఎవరూ చెప్పరు.

మరో విషయం, మన ప్రాంతానికి ప్రత్యేకమైనది. మీరు ఏ నెలలో తిరుగుతారన్నదాన్ని బట్టి మీ లెక్క మారిపోతుంది. ఎండాకాలంలో వెళితే ప్రతి ఇంట్లోనూ కోడలో బిడ్డో కనిపిస్తుంది, ‘మేమే చూసుకుంటున్నాం’ అని నిజమే చెబుతుంది. నాట్ల సమయంలో, పత్తి ఏరే నెలల్లో ఆ ఇంటికే వెళితే పొద్దున తొమ్మిది నుంచి సాయంత్రం దాకా మంచం పక్కన ఒక చెంబు నీళ్లు తప్ప ఎవరూ ఉండరు. కూలి పోగొట్టుకుని ఇంట్లో కూర్చునే స్తోమత ఆ ఇళ్లకు లేదు, దాన్ని నిర్లక్ష్యం అనడానికి మనకు హక్కు లేదు. కనుక ఏ నెలలో వెళ్లినా, ‘పత్తి ఏరే రోజుల్లో పగటిపూట ఎవరుంటారు?’ అని విడిగా అడిగి రాయండి. పగటి సంరక్షణ కేంద్రం కావాలని రేపు మీరు అడగవలసి వస్తే దానికి ఆధారం ఈ ఒక్క జవాబే.

పక్షవాతం వచ్చిన ఒక ఇంటిని దగ్గరగా చూపిస్తాను. ఇలాంటిది మీ మూడు ఊళ్లలోనూ తప్పక ఎదురవుతుంది. డెబ్బై దాటిన పెద్దమనిషికి కుడిచేయి, కుడికాలు పడిపోయాయి. నగరంలోని ఆసుపత్రిలో ప్రాణం దక్కింది. మూత్రానికి ఒక గొట్టం, తినడానికి ముక్కులోంచి ఒక గొట్టం పెట్టి, ఇంగ్లీషులో రాసిన డిశ్చార్జి చీటీ చేతికిచ్చి పంపించారు. ఆటోలో వెనక సీటు మీద అడ్డంగా పడుకోబెట్టి తీసుకొచ్చారు. ఇంట్లో ఉన్నది ఆయన కన్నా నాలుగేళ్లు చిన్నదైన భార్య, కూలికి వెళ్లే కోడలు. కొడుకు హైదరాబాదులో కారు నడుపుతాడు. కోడలు పొద్దున్నే గొట్టంలో అంబలి పోసి, బట్టలు మార్చి వెళుతుంది. ఆ తర్వాత సాయంత్రం వరకు ఆయనను పక్కకు తిప్పే బలం ఆ ముసలమ్మకు లేదు. రెండు గంటలకోసారి పక్క మార్చాలని ఆమెకు ఎవరూ చెప్పలేదు. చెప్పినా ఒంటిచేత్తో ఎలా తిప్పాలో ఎవరూ చూపించలేదు. మూడు వారాలు తిరక్కుండానే నడుము కింద చర్మం ఎర్రబడి, కమిలి, పుండు పడింది. మూత్రపు గొట్టం మార్చే గడువు దాటిపోయి జ్వరం వచ్చింది. మళ్లీ ఆటో, మళ్లీ ఆసుపత్రి.

ఈ ఇంటి గురించి ‘వృద్ధులకు వసతులు లేవు’ అని రాస్తే అది అధికారి బల్ల మీద ఒక పక్కన పడి ఉంటుంది. విడదీసి చూడండి. డిశ్చార్జి అయిన కబురు ఊరి ఆరోగ్య కార్యకర్త అయిన ఏఎన్‌ఎంకు చేరలేదు: అది ఆసుపత్రికీ, పల్లె దవాఖానకూ నడుమ తెగిన దారం. పక్క మార్చడం నేర్పలేదు: అది శిక్షణ లోటు, ఒక పూట పనితో తీరేది. గొట్టం మార్చే నర్సు ఇంటికి రాలేదు: అది మనిషి లోటు. ఫిజియోథెరపీ దగ్గరలో లేదు: అది సేవ లోటు. గాలి పరుపు, కమోడ్ కుర్చీ లేవు: అది పరికరాల లోటు. పెద్దల కోసం వాడే డైపర్లు కొనలేరు: అది డబ్బు లోటు. ఒక్కోటి 30 రూపాయలకు దొరికిందనుకున్నా, రోజుకు మూడు చొప్పున నెలకు 2,700 రూపాయలవుతుంది. ఆ ఇంటికి వచ్చే ఆసరా పింఛను 2,016 రూపాయలు. ఆరు లోట్లకు ఆరు మందులు, అడగవలసిన కార్యాలయాలు కూడా వేరు. మీ నివేదిక విలువంతా ఈ విడదీయడంలోనే ఉంటుంది.

మతిమరుపు జబ్బు గురించి ప్రత్యేకంగా చెప్పాలి, ఎందుకంటే అది సర్వేల్లో దాదాపుగా కనిపించకుండా పోతుంది. మన ఇళ్లలో దాన్ని చాదస్తం అంటారు, వయసు అంటారు, జబ్బు అనరు. ‘ఇంట్లో ఎవరికైనా డిమెన్షియా ఉందా?’ అన్న ప్రశ్నకు ఊరంతా లేదనే జవాబు వస్తుంది. దానికి బదులు, తెలిసిన దారిలో తప్పిపోయారా, అన్నం తిని తినలేదంటున్నారా, పొయ్యి ఆర్పడం మరిచారా, రాత్రిళ్లు లేచి బయటికి వెళుతున్నారా అని అడగండి. 2023లో వెలువడిన ఒక జాతీయ అంచనా ప్రకారం మన దేశంలో అరవై దాటినవారిలో 7.4 శాతం మందికి, అంటే సుమారు 88 లక్షల మందికి ఈ జబ్బు ఉంది. మీ మూడు ఊళ్లలో కలిపి నాలుగు వందల మంది ముసలివారుంటే, ఆ లెక్కన ముప్పయి మంది దాకా ఉండాలి. మీ కాగితాల్లో ఇద్దరే తేలితే ఊరిని నిందించకుండా ప్రశ్నలను మళ్లీ చూసుకోండి. అలాగే 2017–18లో వృద్ధాప్యంపై దేశమంతటా జరిగిన ‘లాసి’ అధ్యయనంలో అరవై దాటినవారిలో దాదాపు నాలుగో వంతు మందికి స్నానం, తిండి వంటి రోజువారీ పనుల్లో కనీసం ఒకదానిలో ఇబ్బంది ఉన్నట్టు తేలింది. ఊరికీ ఊరికీ తేడా ఉంటుంది; అయినా మీ సంఖ్య దానికి మరీ దూరంగా ఉంటే కారణం తెలుసుకోవాలి.

ముసలివారిని అడిగినంత శ్రద్ధగా వారిని చూసుకునేవారినీ అడగండి, అదీ విడిగా, ఇంటి పెద్దలకు వినపడని చోట. ఈ పని చేసేది తొంభై పాళ్లు ఆడవాళ్లే అని మీకు నేను చెప్పనక్కరలేదు. వాళ్ల నడుము నొప్పి, తెగిపోయిన నిద్ర, మానేసిన కూలి, పుట్టింటికి వెళ్లక ఎంతకాలమైందన్న సంగతి, ఇవన్నీ లెక్కలోకి రావాలి. ‘మీకు ఒక్క వారం జ్వరం వస్తే ఈయనను ఎవరు చూస్తారు?’ అని అడగండి. ఆ ప్రశ్నకు చాలాచోట్ల మౌనమే జవాబుగా వస్తుంది. దాన్ని కూడా ‘ఎవరూ లేరు’ అని రాయండి. కొడుకులు దుబాయిలోనో అమెరికాలోనో ఉండి డబ్బు పంపే ఇళ్లను సౌకర్యంగా ఉన్న ఇళ్ల కింద వేయకండి. డబ్బు ఉండి మనిషి దొరకని ఇళ్లు ఇవి. వీళ్లకు కావలసింది నమ్మకమైన, శిక్షణ ఉన్న సంరక్షకురాలు, ఆమెకు ఒక న్యాయమైన జీతపు రేటు, దొంగతనమో దెబ్బలో జరిగితే చెప్పుకునే చోటు.

ఇప్పుడు రెండో వైపుకు రండి, అంటే ఉన్న సేవలు. ఇక్కడ కాగితం మీద ఉన్నదాన్నీ, గుమ్మం దాకా వచ్చేదాన్నీ రెండు వేర్వేరు వరుసల్లో రాయాలి. వయోవృద్ధుల కోసం కేంద్ర ఆరోగ్య శాఖ 2010–11లో ప్రారంభించిన జాతీయ కార్యక్రమం ఒకటి ఉంది. దాని ప్రకారం ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో వారానికి ఒకరోజు ముసలివారికి ప్రత్యేక క్లినిక్ జరగాలి, సామాజిక ఆరోగ్య కేంద్రంలో వారానికి రెండుసార్లు జరగాలి, అక్కడ ఫిజియోథెరపీ వంటి పునరావాస సేవలుండాలి. జిల్లా ఆసుపత్రిలో ప్రత్యేక ఓపీతో పాటు పది పడకల వార్డు ఉండాలి. కదలలేనివారిని సిబ్బంది ఇంటికి వెళ్లి చూడాలి. మీరు నేరుగా మీ ఆరోగ్య కేంద్రానికి వెళ్లి, ‘ముసలివాళ్ల క్లినిక్ ఏ రోజు?’ అని మర్యాదగా అడగండి. రోజు చెప్పగలిగితే ఆ రోజు మళ్లీ వెళ్లి కూర్చోండి. రిజిస్టరు చూపమనండి. చూపకపోతే సమాచార హక్కు చట్టం కింద దరఖాస్తు పెడితే 30 రోజుల్లో జవాబు ఇవ్వాలి. అక్కడి డాక్టరుతో, నర్సులతో తగవు పెట్టుకోవద్దని మాత్రం గట్టిగా చెబుతాను. ఖాళీ పోస్టులతో ఇద్దరి పని ఒకరు చేస్తున్న కేంద్రాలు ఉంటాయి, వాళ్లే మీకు నిజమైన సాక్షులు. ‘మీకేం ఉంటే ఇళ్లకు వెళ్లగలుగుతారు?’ అని ఏఎన్‌ఎంను అడిగి చూడండి, బండి అంటుందో, మనిషి అంటుందో, గాజుగుడ్డ అంటుందో రాసుకోండి.

నయంకాని జబ్బులతో మంచాన ఉన్నవారికి మన రాష్ట్రంలో జిల్లా స్థాయిలో పాలియేటివ్ కేర్ (బాధ తగ్గించే ఉపశమన సంరక్షణ) కేంద్రాలు, ‘ఆలన’ పేరుతో ఇళ్లకు వెళ్లే వాహనాలు ఏర్పాటయ్యాయి. క్యాన్సర్ రోగులకే అనుకుని చాలామంది అడగరు. పక్షవాతం, పుండ్లు, గొట్టాలు ఉన్నవారి గురించి కూడా అడగాలి. మీ ఊరికి ఆ బృందం ఎప్పుడైనా వచ్చిందా, ఎవరి పేరు వాళ్ల జాబితాలో ఉందో కనుక్కోండి. పరికరాల విషయంలో, పేదరికరేఖకు దిగువన ఉన్న వృద్ధులకు చేతికర్రలు, వాకర్లు, వీల్‌చైర్లు, వినికిడి యంత్రాలు, కట్టుడు పళ్లు ఉచితంగా ఇచ్చే రాష్ట్రీయ వయోశ్రీ యోజన 2017 నుంచి ఉంది. అది శిబిరాల ద్వారా నడుస్తుంది కనుక మంచాన ఉన్న మనిషి శిబిరానికి రాలేక వెనకబడిపోతాడు. ఎవరికి పరికరం అత్యవసరమో వారికే అది చేరకపోవడం ఎంత అన్యాయమో మీ నివేదికలో నొక్కి చెప్పండి. వృద్ధుల సహాయవాణి 14567కు మీరే ఒకసారి ఫోన్ చేసి, ‘మంచాన పడ్డవారికి మా దగ్గర ఏం సాయం దొరుకుతుంది?’ అని అడిగి, వచ్చిన జవాబును ఉన్నదున్నట్టు రాయండి.

హనుమకొండ, కాజీపేట, వరంగల్‌లలో ట్రస్టులు, ప్రైవేటువారు నడిపే ఆశ్రమాలకు, ఇళ్లకు అటెండర్లను పంపే ఏజెన్సీలకు కూడా వెళ్లండి. ఆశ్రమంలో ఎన్ని మంచాలున్నాయన్న లెక్క మీకు పెద్దగా పనికిరాదు. అడగవలసిన ప్రశ్న ఒక్కటే: ‘లోపల ఉన్న మనిషి మంచాన పడితే మీరు ఏం చేస్తారు?’ తన పని తాను చేసుకోగలిగినవారినే చేర్చుకుంటామని, పడిపోతే ఇంటివారిని పిలిపిస్తామని చెప్పేవారు చాలామంది ఉంటారు. వాళ్లను తప్పుపట్టలేం, రాత్రిపూట నర్సును పెట్టుకునే శక్తి వాళ్లకు ఉండదు. కానీ దాని అర్థం ఏమిటంటే, సంరక్షణ ఎప్పుడు తప్పనిసరి అవుతుందో సరిగ్గా అప్పుడే ఆ తలుపు మూసుకుపోతుంది. మీ సంఘం వృద్ధాశ్రమం కోసం అర్జీ పెట్టే ముందు సభ్యులందరినీ అలాంటి ఒక ఆశ్రమానికి తీసుకెళ్లి ఆ జవాబు వాళ్ల చెవులతో వినిపించండి.

నేను ఆశ్రమాలకు వ్యతిరేకిని కాను. ఎవరూ లేనివారికి, ఇంటి నుంచి గెంటివేయబడ్డవారికి అది కావాలి, అడగడం మన హక్కు కూడా. తల్లిదండ్రులు, వయోవృద్ధుల పోషణ, సంక్షేమ చట్టం, 2007లోని 19వ సెక్షను జిల్లాకు కనీసం ఒకటి చొప్పున, నిరుపేద వృద్ధులు 150 మందికి తక్కువ కాకుండా ఉండగలిగే ఆశ్రమాలను రాష్ట్రాలు ఏర్పాటు చేయవచ్చని చెబుతుంది. ఉమ్మడి వరంగల్ ఒకప్పుడు ఒక జిల్లా, ఇవాళ అది హనుమకొండ, వరంగల్, జనగామ, మహబూబాబాద్, భూపాలపల్లి, ములుగు జిల్లాలు. జిల్లాకు ఒకటి అన్న మాటను కొత్త జిల్లాల లెక్కన అడగాలి. అయితే మీ మూడు ఊళ్ల కాగితాలను కలిపి చూసినప్పుడు, ఆశ్రమం తప్ప గతిలేనివారు కొద్దిమందే తేలతారనీ, ఎక్కువమందికి తమ ఇంట్లోనే, తమ మంచం దగ్గరికే రెండు గంటల సాయం సరిపోతుందనీ నా అంచనా. కేరళ 2008లో పాలియేటివ్ కేర్ విధానం ప్రకటించి, స్థానిక సంస్థల ద్వారా నర్సులను ఇళ్లకు పంపే పద్ధతిని రాష్ట్రమంతా విస్తరించింది. ఆ పనికి ఊరి వలంటీర్లు వెన్నెముక. మన దగ్గర మహిళా సంఘాల నిర్మాణం ప్రతి ఊళ్లోనూ ఉంది. గ్రామానికి ఇద్దరు స్త్రీలకు శిక్షణ ఇచ్చి, గౌరవప్రదమైన వేతనంతో ఈ పని అప్పగించమని అడగడం సాధ్యంకాని కోరిక కాదు.

అర్జీ రాసేటప్పుడు లోట్లన్నీ ఒకే కాగితంలో కుక్కకండి. ముసలివాళ్ల క్లినిక్, ఇళ్లకు సిబ్బంది రాక, డిశ్చార్జి కబురు ఏఎన్‌ఎంకు చేరడం జిల్లా వైద్యారోగ్య అధికారికి చెందినవి. పరికరాలు, ఆశ్రమం, పగటి కేంద్రం జిల్లా సంక్షేమ అధికారి చూసేవి. పింఛన్లు గ్రామీణాభివృద్ధి అధికారి పరిధిలోవి. పిల్లలు చూడకపోవడం, ఆస్తి రాయించుకుని వదిలేయడం మీ ఆర్డీఓ గారి అధ్యక్షతన ఉండే ట్రిబ్యునల్‌కు వెళ్లాలి. పోషిస్తామన్న షరతు మీద రాసిచ్చిన ఆస్తిని, ఆ మాట తప్పితే, చెల్లదని ప్రకటించే అధికారం పైన చెప్పిన 2007 చట్టంలోని 23వ సెక్షను కింద దానికి ఉంది. మరుగుదొడ్డికి కడ్డీ, వాకిట్లో దీపం, మెట్టుకు బదులు వాలు బల్ల వంటి చిన్న పనులు గ్రామ సభలో పెట్టి పంచాయతీ అభివృద్ధి ప్రణాళికలో చేర్పించండి. కలెక్టరేట్‌లో సోమవారం అర్జీలు తీసుకునే ప్రజావాణిలో ఏ శాఖకు చెందినది ఆ శాఖకు విడి కాగితంగా ఇచ్చి, ప్రతిదానికీ రసీదు తీసుకోండి. పై కాగితంలో సంఖ్యలు, వెనక ఒకటో రెండో ఇళ్ల దినచర్య, పేర్లు లేకుండా, గంటల వారీగా ఉండాలి. సంఖ్య చూసి పక్కన పెట్టేవారు కూడా ఆ గంటలు చదివితే ఆగుతారు.

కొన్ని జాగ్రత్తలు. కాగితం పట్టుకుని గుమ్మంలోకి ఎవరు వచ్చినా పింఛను ఇస్తారనే మన ఊళ్లలో అనుకుంటారు. ‘దీనివల్ల మీకు ఇప్పుడే ఏదీ రాదు, ఊరికి ఏం కావాలో తెలుసుకోవడానికి వచ్చాం’ అని మొదటే, స్పష్టంగా, ప్రతి ఇంట్లోనూ చెప్పండి. ఆధార్ నంబరు అడగవద్దు, ఫోటో తీయవద్దు. జవాబు చెప్పడం ఇష్టం లేదంటే దండం పెట్టి వచ్చేయండి. దెబ్బలు, ఆకలి, నిర్బంధం కనిపిస్తే దాన్ని సర్వే కాగితంలో ఒక గుర్తుగా వదిలేసి రావద్దు, ఆ పెద్దమనిషి ఒప్పుకుంటే ఆ రోజే 14567కు చెప్పండి. ఒప్పుకోకపోతే మళ్లీ వెళ్లండి. కొడుకును కాదని ఫిర్యాదు చేయడానికి ఏ తల్లికీ ఒక్క రోజులో మనసు గట్టిపడదు. పుండు పడ్డ మనిషి కనిపిస్తే నివేదిక పూర్తయ్యేదాకా ఆగకుండా ఏఎన్‌ఎంను వెంటనే తీసుకురండి.

తిరిగే బృందంలో ఇద్దరిద్దరుగా వెళ్లండి, అందులో ఒకరు స్త్రీ అయి ఉండాలి, ఒకరు ఆ వాడకే చెందినవారైతే మరీ మంచిది. మొదటి పది ఇళ్లు అయ్యాక అందరూ కూర్చుని, ఏ ప్రశ్నకు జవాబు రావడం లేదో చూసి ప్రశ్నలు మార్చుకోండి. ఆ పది ఇళ్లకు కొత్త ప్రశ్నలతో మళ్లీ వెళ్లడానికి వెనకాడకండి. మీ ప్రశ్నల కాగితం తయారయ్యాక నాకు పంపితే చదివి, తోచిన మార్పులు రాసి తిప్పి పంపుతాను.